నేల ఒక్కటే చూస్తే చాలదు

"మన మెట్టలో ద్రాక్ష వేస్తే ఎట్టుంటది సార్?"

నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి వైపు యువకులతో కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. నాసిక్ రైతు ఎకరానికి ఎంత సంపాదించాడో ఫోనులో చూసి ఉంటారు. మాదీ ఎర్ర నేలే, మా చేలల్లోనూ రాళ్ళే, ఎండకు కొదవే లేదు, అక్కడ పండేది ఇక్కడెందుకు పండదు అన్నది వాళ్ళ వాదన.

అడగడం మంచిదే. ఊరు విడిచి ఎక్కడికి పోదామా అని చూసేవాళ్ళ మధ్య, ఊళ్ళో ఏం చేయవచ్చో ఆలోచించేవాడి ప్రశ్న అది. అందుకే అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చకుండా ఆ ప్రశ్న వెంట కాస్త దూరం నడుద్దాం. చేనులో ఏ మొక్క నాటాలన్నా, బతుకుతెరువుకు ఏ పని ఎంచుకోవాలన్నా వేసుకోవాల్సిన లెక్క ఒకటేనని నా నమ్మకం. ఆ లెక్కను తరతరాలుగా, అందరికంటే ఓపికగా వేసుకుంటూ వచ్చినవాళ్ళు వైన్ కోసం ద్రాక్ష పండించే రైతులు. ఫలానా వాలు మీద ఫలానా రకమే ఎందుకు వేయాలో వాళ్ళు వందల ఏళ్ళుగా కనిపెట్టి రాసిపెట్టుకున్నారు.

వైన్ పేరు ఎత్తాను కాబట్టి ముందే ఒక మాట చెప్పాలి. ఉదయగిరి ప్రాంతంలోనే, కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. అక్షరాస్యత తరగతుల్లో అక్షరాలతో పాటు తమ ఇళ్ళ సంగతినీ చదువుకున్న ఆ ఊరి ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. వాళ్ళలో ఒకరైన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం కూడా వచ్చింది. ఆ గడ్డ మీది పాఠకులకు రాస్తూ తాగుడును గొప్ప చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. సీసాలోని సరుకుతో మనకు పని లేదు. తీగ నాటే ముందు ఆ రైతు ఏమేం చూస్తాడో అది మనకు కావాలి.

మొదట రాయి చూద్దాం. ఉదయగిరి, వింజమూరు పేర్లు భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో ఉన్నాయని అక్కడి పిల్లలకు ఎవరూ చెప్పరు. శాస్త్రవేత్తలు నెల్లూరు షిస్టు పట్టీ అని పిలిచే అతి ప్రాచీన శిలల వరుసలో కింది భాగానికి వింజమూరు పేరు, పై భాగానికి ఉదయగిరి పేరు పెట్టారు. షిస్టు అంటే పొరలు పొరలుగా విడిపోయే రాయి. అభ్రకం తళుకు తగిలి ఎండలో మెరుస్తుంది. వెలిగొండలకు అవతల మార్కాపురం వైపు పోతే బడిపిల్లల పలకలు చేసిన రాయి దొరుకుతుంది.

ఇప్పుడు పోర్చుగల్‌లోని డౌరో లోయకు వెళ్ళండి. అక్కడి కొండలన్నీ షిస్టే. నాగలి దిగని ఆ రాతిని పగలగొట్టి, కొండవాలు పొడవునా గట్లు కట్టి ద్రాక్ష నాటారు. రాయి పొరలుగా చీలి ఉండడంతో వేరు ఆ సందులు పట్టుకుని లోతుకు దిగి నీటిని వెతుక్కుంటుంది. అక్కడ కూడా వేసవి ఎండ 40 డిగ్రీలు తాకుతుంది. జర్మనీలో మోజెల్ నది ఒడ్డున నిటారు వాలుల నిండా పలకరాయి. పగటి వేడిని ఆ రాయి దాచుకుని చలి రాత్రుల్లో తీగకు అందిస్తుంది కాబట్టే అంత ఉత్తరాన రీస్లింగ్ రకం పండుతోంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఇంకా చిత్రం. నదికి ఒక పక్క మెడాక్‌లో గులకరాళ్ళ దిబ్బలు, వాటి మీద కాబర్నే సావిన్యో. ఇంకో పక్క పొమెరోల్‌లో బంకమన్ను, అక్కడ మెర్లో. ఒకే జిల్లా లాంటి చోట నది దాటితే రకం మారిపోతుంది. పెన్నా డెల్టాలో మొలగొలుకుల వడ్లు పండిన కయ్య గొప్పదే గానీ, నీళ్ళు నిలిచే ఆ బురదలో ద్రాక్ష వేరుకు ఊపిరాడదు. డెల్టా వాళ్ళ ముందు మా నేల దేనికీ పనికిరాదని చిన్నబోయే మెట్ట రైతు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. పనికిరాని నేల అంటూ ఉండదు. దేనికి పనికిరాదో, దేనికి పనికొస్తుందో విడివిడిగా అడగాలి.

కాబట్టి రాయి ఒక్కటే చూస్తే ఆ కుర్రవాడి మాట నిజమే. ఉదయగిరి రాతి నేల ద్రాక్షకు శత్రువు కాదు. ఎండా కాదు. మరి అడ్డం వచ్చేది ఏమిటి?

వాన పడే నెల.

చలి దేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర అంత చలి లేదు. తీగ ఏడాది పొడవునా చిగురు వేస్తూనే ఉంటుంది. అందుకే దక్కను రైతు కత్తెరతో కాలాన్ని తయారు చేసుకుంటాడు. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మలు కత్తిరిస్తాడు, అది కొత్త కొమ్మ కట్టడానికి. అక్టోబరులో మళ్ళీ కత్తిరిస్తాడు, అది కాయ కోసం. నాసిక్‌లో వాన జూన్‌లో మొదలై సెప్టెంబరుతో దాదాపు అయిపోతుంది. అక్టోబరులో కత్తిరించిన కొమ్మ మీద లేత చిగురు, పూత వచ్చేసరికి ఆకాశం తేటపడి ఉంటుంది, రాత్రులు చల్లబడుతూ ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో కోత.

మన దగ్గర అక్టోబరు అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? చిత్త, స్వాతి కార్తెలు. ఈశాన్య రుతుపవనం వచ్చే వేళ. నెల్లూరు జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే పడుతుంది. తీరంతో పోలిస్తే ఉదయగిరి వైపు వాన తక్కువే, కానీ పడే నెలలు మాత్రం అవే. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే మూడు నాలుగు రోజులు ముసురు. సరిగ్గా ద్రాక్ష పూత దశలో ఆకు తడిసి ఆరకుండా ఉంటే బూజు తెగులు గెలను మింగేస్తుంది. కత్తిరింపును జనవరికి జరుపుదామంటే పండు రంగు తిరిగే వేళకు మే నెల ఎండ. రాత్రి కూడా చల్లబడని ఆ వేడిలో కాయలోని పులుపు హరించుకుపోతుంది. మంచి వైన్ ద్రాక్షకు పగటి ఎండ ఎంత ముఖ్యమో రాత్రి చల్లదనమూ అంతే ముఖ్యం. అందుకే బెంగళూరు దగ్గరి నంది కొండల వైపు, నాసిక్ వైపు సముద్ర మట్టానికి బాగా ఎత్తున్న నేలలు వెతికి తోటలు వేశారు.

రాతి నేల అడ్డు కాదు, ఎండా అడ్డు కాదు, వాన పడే నెల మాత్రం వేరు. ఆ ఒక్క తేడాతో ఒక చోట లాభం, ఇంకో చోట అప్పు. వీడియోలో ఈ తేడా కనిపించదు. అందులో తోట కనిపిస్తుంది, గెల కనిపిస్తుంది, లెక్క కనిపిస్తుంది. క్యాలెండరు కనిపించదు.

ఇతరుల విజయాన్ని చూసి మనం చేసే పొరపాట్లలో పెద్దది ఇదేనని నేను అనుకుంటాను. ఎంత అని అడుగుతాం, ఎప్పుడు అని అడగం. నిమ్మతోట ఉన్న ఇంట్లో డబ్బు ముఖ్యంగా వేసవిలో వస్తుంది. ఆ ఇంటి పిల్లవాడు టౌనులో జీతగాడిని చూసి నెలనెలా కిస్తీ కట్టే పద్ధతిలో బండి కొంటాడు. ఏడాది మొత్తం మీద లెక్క వేస్తే ఆదాయం సరిపోతుంది. కానీ నవంబరులో కట్టాల్సిన కిస్తీకి నవంబరులో డబ్బుండదు. అక్కడ వడ్డీ అప్పు మొదలవుతుంది. చదువు విషయంలోనూ ఇంతే. ఇంట్లో కోతల పని ఉండే నెలల్లో కోచింగులో చేరి, సగం తరగతులు పోగొట్టుకుని, నాకు బుర్ర లేదని తేల్చుకున్న పిల్లలు ఎంతోమంది. వాళ్ళ బుర్రకు ఏ లోపమూ లేదు. నెల కుదరలేదు, అంతే.

ఒక కాగితం తీసుకుని పన్నెండు నెలలు వరసగా రాయండి. ప్రతి నెల ఎదురుగా ఇంటికి డబ్బు ఎంత వస్తుందో, ఎంత పోతుందో, బోరులో నీళ్ళు ఎలా ఉంటాయో, మీ ఒంట్లో ఓపిక ఎలా ఉంటుందో రాయండి. ఒంటి ఓపిక కూడా రాయమన్నది ఊరికే కాదు. రోహిణి కార్తె ఎండలో చేయగలిగే పని వేరు, పుష్య మాసంలో చేయగలిగే పని వేరు. తర్వాత మీరు చేయబోయే పనికి ఏ నెలలో ఏం కావాలో పక్కన రాయండి. రెండు వరసలూ ఎక్కడ కొట్టుకుంటున్నాయో మీకే కనిపిస్తుంది. ఒక్క పూట పని ఇది. చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా చేయరు.

తెలుగువాళ్ళు ద్రాక్ష పండించలేదని అనుకోకండి. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాదుకు తెచ్చిన అనాబ్-ఎ-షాహి రకం నగరం చుట్టుపక్కల తోటలుగా విస్తరించి దేశమంతా పేరు తెచ్చుకుంది. అది తినే ద్రాక్ష. తర్వాత ఆ తోటల్లో చాలావరకు ఇళ్ళ ప్లాట్లయ్యాయి. నేల, కాలం రెండూ కుదిరిన చోట కూడా నగరం దగ్గరికొచ్చి భూమి ధర పెరిగితే పంట ఓడిపోతుంది. ఇక వైన్ ద్రాక్ష కావాలనుకున్న తెలుగు దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ. హైదరాబాదులో గ్రాన్యూల్స్ అనే మందుల కంపెనీ నడిపే ఈ ఇద్దరూ తోట కోసం ఉత్తర కర్ణాటకలో హంపి హిల్స్ అని పిలిచే ప్రాంతం ఎంచుకుని క్రస్మా ఎస్టేట్స్ పెట్టారు. కాబర్నే సావిన్యో, సాంజొవేసె వంటి రకాలు అక్కడ పండిస్తున్నారు. తమకు ఇష్టమైన పంట కోసం దానికి నప్పే చోటు వెతుక్కుంటూ వెళ్ళారు.  

మీ ముందు కూడా రెండు దారులున్నాయి. పని ముందు ఎంచుకుని దానికి తగ్గ ఊరికి వెళ్ళడం ఒకటి. ఊరు ముందు ఎంచుకుని దానికి తగ్గ పని వెతకడం రెండోది. రెండూ గౌరవమైనవే. సంగీతమో, సముద్ర శాస్త్రమో ప్రాణమైతే ఊరు మారాల్సిందే, అందులో ఊరికి చేసే ద్రోహం ఏమీ లేదు. అమ్మానాన్నల దగ్గరే ఉండాలన్నది ప్రాణమైతే పని మారాలి. ఈ రెండింటిలో ఏది ముందో తేల్చుకోకుండా, ఉదయగిరిలో కూర్చుని నాసిక్ పంట కోరుకోవడమే మనిషిని నలిపేస్తుంది.

ఇక్కడ ఒక కథ చెబుతాను. పిల్లల్ని పెంచే ప్రతి ఒక్కరూ వినాల్సింది. చిలీ దేశంలో మెర్లో అని పిలుచుకుంటూ ఒక ద్రాక్షను వందేళ్ళకు పైగా పండించారు. 19వ శతాబ్దంలో బోర్డో నుంచి తెచ్చిన మొక్కలవి. నిజానికి ఆ తోటల్లో రెండు రకాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి మెర్లో. రెండోది కార్మెనేర్ అనే పాత రకం. పుట్టింట్లో, అంటే ఫ్రాన్స్‌లో, అది దాదాపు కనుమరుగైపోయింది. ఆకు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ఎక్కడంటే కార్మెనేర్ కొన్ని వారాలు ఆలస్యంగా పండుతుంది. మెర్లో పండగానే తోట మొత్తం కోసేసేవారు. కార్మెనేర్ గెలలు ఇంకా పచ్చివే, వాటి వైన్‌లో పచ్చిమిరప లాంటి ఆకు వాసన. ఈ మెర్లో నాణ్యం తక్కువ అనుకునేవారు. 1994లో జాన్ మిషెల్ బూర్సికో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తోటలో తిరిగి తీగల్ని పరిశీలించి ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని గుర్తుపట్టాడు. అప్పటి నుంచి దాన్ని దాని గడువు వరకు తీగ మీదే ఉంచి కోయడం మొదలుపెట్టారు. ఇవాళ అది చిలీకి గుర్తింపు తెచ్చే రకం.

తీగ మారలేదు, నేల మారలేదు. కోసే తేదీ మారింది.

పక్కింటి అబ్బాయికి ఇంటర్ రెండో ఏడాదిలో ర్యాంకు వచ్చింది. మీ అమ్మాయికి రాలేదు. ఆ అమ్మాయికి డిగ్రీ చివరి ఏట లెక్కలు ఒక్కసారిగా అర్థం కావడం మొదలవచ్చు. అప్పటికి మనం "దీనికి రాదులే" అని తేల్చేసి ఉంటే? తల్లిదండ్రులు నన్ను అడిగితే చెప్పేది ఇదే: మీ బిడ్డ ఆలస్యంగా పండే రకమేమో ముందు కనుక్కోండి. ఎలా తెలుస్తుంది అంటారా? పని చేసి అలసిపోయిన తర్వాత కూడా దాని గురించే మాట్లాడుతున్నారా, మార్కులు అడక్కపోయినా అందులోనే చేయి పెడుతున్నారా అని చూడండి. అలా ఉంటే లోపల రంగు తిరుగుతున్నట్టే లెక్క. ఇంకొన్నాళ్ళు తీగ మీద ఉండనివ్వండి. ఉత్సాహం కూడా లేకపోతే అది వేరే సంగతి, అప్పుడు పంటే మార్చాలి.

పంట మార్చడం కూడా అవమానం కాదు. 1395లో ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రభువు ఫిలిప్ తన నేలలో గామే రకం ద్రాక్షను పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. విరగకాసే ఆ రకం అక్కడి సున్నపురాతి నేలలో పీనో న్వార్ అంత రుచి ఇవ్వలేదు. కాస్త దక్షిణాన బోజొలేలోని గ్రానైట్ నేలల్లో అదే గామే స్థిరపడి, ఆ ప్రాంతానికి ఇవాళ్టికీ ప్రధాన పంటగా ఉంది. ఒక చోట వద్దన్నారంటే ఆ చోటుకు వద్దన్నారని మాత్రమే అర్థం.

ఇక కష్టం గురించి. "కష్టపడితేనే మనిషి రాటుదేలుతాడు" అని వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ చెబుతాయి. ద్రాక్షకు నీళ్ళు తగ్గిస్తే పండు రుచి పెరుగుతుందన్న ఉదాహరణ కూడా ఇస్తాయి. ఆ ఉదాహరణ సగమే నిజం. మిగతా సగం వదిలేయడం వల్ల చాలా ఇళ్ళలో నష్టం జరుగుతోందని నాకు గట్టి నమ్మకం. కాయ కట్టిన తర్వాత నీళ్ళు కొద్దిగా తగ్గిస్తే తీగ కొత్త కొమ్మలు వేయడం ఆపుతుంది, కాయలు చిన్నవై రంగు, రుచి చిక్కబడతాయి. అది నిజం. కానీ పూత సమయంలో నీళ్ళు ఆపితే పిందె నిలవదు. నాటిన మొదటి రెండేళ్ళలో ఆపితే తీగే దక్కదు. స్పెయిన్ ఏలుబడిలోని లాంజరోటె దీవిలో 1730 నుంచి 1736 దాకా అగ్నిపర్వతం పేలి పొలాలన్నీ నల్ల బూడిద కింద పోయాయి. అక్కడి రైతులు ఆ బూడిదలోనే ఒక్కో తీగకు ఒక్కో గొయ్యి తవ్వారు. గాలి కొట్టకుండా గొయ్యి అంచున రాళ్ళు అర్ధచంద్రంలా పేర్చారు. వాన దాదాపు లేని చోట, బూడిద పట్టి ఉంచిన తేమతో తీగలు బతికాయి. గ్రీసులోని సాంటొరిని దీవిలో తీగనే బుట్టలా నేల మీద చుట్టి, గెలల్ని ఆ బుట్ట లోపల కాపాడతారు. అంత కఠినమైన నేలల్లో బతికిన ప్రతి తీగ వెనకా దానికి అడ్డం నిలబడిన మనిషి ఒకడున్నాడు.

హాస్టల్లో చేరిన మొదటి ఏడాది, ఉద్యోగంలో మొదటి ఆరు నెలలు, దుకాణం తెరిచిన మొదటి ఏడు, పెళ్ళయి వచ్చిన కోడలికి అత్తింట్లో మొదటి రోజులు... ఇవి నీళ్ళు ఆపే రోజులు కావు. మాట సాయమో, డబ్బు సాయమో ఆ రోజుల్లోనే అందాలి. నిలదొక్కుకున్నాక బరువు పెట్టండి, అప్పుడు తట్టుకుంటారు. మీరే ఆ మొదటి ఏడాదిలో ఉంటే సాయం అడగడానికి సిగ్గుపడకండి. సోమశిలలో 78 టీఎంసీల నీళ్ళు నిలబెట్టగలిగిన జిల్లా మనది. కాలవకు ఎగువనున్న మెట్ట చేనుకు ఆ నీళ్ళు తమంతట తాముగా ఎక్కవు. అడగాలి, పైకి ఎత్తాలి.

వేరు సంగతి కూడా చూడాలి. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు ఫ్రాన్స్ ద్రాక్ష వేళ్ళను తినేసి, కొన్ని దశాబ్దాల్లో యూరప్ తోటల్ని కూల్చేసింది. మందులు పని చేయలేదు. చివరికి ఆ పురుగును తట్టుకునే అమెరికా అడవి ద్రాక్ష వేరు మీద యూరప్ రకాల్ని అంటు కట్టారు. నేటికీ ప్రపంచంలో ఎక్కువ తోటలు అలాంటి అంటు మొక్కలే. మహారాష్ట్రలోనూ నీళ్ళలో ఉప్పు పెరిగి, వాన తగ్గినప్పుడు డాగ్ రిడ్జ్ అనే మొండి వేరు మీద థాంప్సన్ సీడ్‌లెస్ ద్రాక్ష కట్టుకున్నారు. మన బత్తాయి రైతులకు ఇది కొత్త విషయం కాదు. ఒకప్పుడు జంబేరి మీద, తర్వాత రంగపూర్ నిమ్మ మీద సాత్‌గుడి బత్తాయి కట్టిన మొక్కలే తెచ్చి నాటారు. ఎండను, చవుడును ఓర్చుకునేది కింది వేరు. సంతలో ధర పలికేది పై కొమ్మ.

బెంగళూరు కంపెనీలో పనిచేసే ఉదయగిరి అమ్మాయి ఇంగ్లీషు నేర్చుకోవాలి, కోడింగ్ నేర్చుకోవాలి. అది పై కొమ్మ, దాన్ని కొత్తగా కట్టుకోవాల్సిందే. నీళ్ళు లేని ఏడు ఇల్లు ఎలా నడిచిందో చూసిన అనుభవం, పది రూపాయల్ని ముప్పై రోజులు సాగదీసిన అమ్మ లెక్క, అవి కింది వేరు. వాటిని దాచుకోవాల్సిన పని లేదు. ఇంటర్వ్యూలో కష్టకాలంలో ఏం చేస్తారని అడిగినప్పుడు పుస్తకంలో చదివిన జవాబు చెప్పకండి, మీ ఇల్లు నడిచిన తీరు చెప్పండి.

మరి ఈ మెట్టకు నప్పేది ఏమిటి? నిమ్మ. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల పేర్లు ఉత్తర భారత వ్యాపారులకు కూడా తెలుసు. నిమ్మకూ నెల బాధ తప్పదు. పూత నుంచి కోతకు ఐదారు నెలలు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ధర మండిపోతుంది. 2022 వేసవిలో దేశంలో చాలా చోట్ల కిలో 200 రూపాయలు దాటింది. ఆ ధర అందాలంటే పూత అక్టోబరు, నవంబరులో రావాలి, అంటే నడి వానల్లో. అయినా నిమ్మ ద్రాక్షలా ఒక్క ముసురుకు మొత్తం చేతులెత్తేయదు, ఏడాదిలో రెండు మూడు పూతలు పూస్తుంది. గజ్జి తెగులు వానల్లో పెరుగుతుంది కాబట్టి దాన్ని తట్టుకునే బాలాజీ రకాన్ని తిరుపతి పరిశోధన కేంద్రం ఇచ్చింది. వెంకటగిరి దగ్గర పెట్లూరు కేంద్రం నుంచి పెట్లూరు సెలక్షన్-1 వచ్చింది. మన నేల మీద, మన వానలో పరీక్షించి ఇచ్చిన రకాలివి. నాసిక్ వీడియో చూసే కుర్రవాడు ముందు ఆ కేంద్రాలకు ఒకసారి వెళ్ళి రావాలి.

నిమ్మ ఒక్కటే అని కూడా అనను. ఉదయగిరి చుట్టుపక్కల అడవిలో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కే కుటుంబాలున్నాయి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లో ఉంది. ఆ చెంచాలు పెద్ద నగరాల దుకాణాల దాకా పోతున్నాయి. ఎవరో ఆ అడవిని చూసి, ఆ కర్ర గుణం తెలుసుకుని, దానికి తగ్గ వస్తువు ఎంచుకున్నారు. మన ఊళ్ళో ఏమీ లేదనే ముందు వాళ్ళ ఇంటి గడపలో ఒక్క గంట కూర్చుని పని చూడండి.

ఇక ఆ కుర్రవాడికి నా జవాబు. అమ్మడానికి ఎకరాల లెక్కన ద్రాక్ష వద్దు. ఇంటి పందిరికి రెండు తీగలు పెట్టుకో, పిల్లలు తింటారు. డబ్బు పెట్టే ముందు మాత్రం, అది నిమ్మకైనా బత్తాయికైనా, మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో మండల వ్యవసాయ కార్యాలయంలోనో అడిగి మట్టి నమూనాను భూసార పరీక్షకు పంపు. బోరు నీళ్ళ నమూనా కూడా విడిగా ఇవ్వు, అందులో ఉప్పు ఎంతుందో రాసి ఇమ్మని అడుగు. ఆ రెండు కాగితాలు చేతికి వచ్చేదాకా నర్సరీకి అడ్వాన్సు కట్టకు.